కొత్త కాలేయం.. పాత గ్లాసు

కాలేయం మార్చాక రక్తపరీక్షలు బాగానే వస్తాయి. ఇక భయం లేదనిపిస్తుంది. ఎప్పుడో ఓసారి గ్లాసు పట్టుకుంటే ఏమవుతుందిలే అనీ అనిపిస్తుంది. కానీ ముప్పు కొత్త కాలేయానికి ఒక్కదానికే కాదు. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు.. ఎవరూ చూడని చోట్ల కేన్సర్ మొదలవుతుంది.

1995 జూన్ 8న అమెరికాలోని డాలస్ నగరంలో మికీ మాంటిల్‌కు కాలేయ మార్పిడి జరిగింది. మనకు అంతగా పరిచయం లేని పేరు. బేస్‌బాల్ అంటే పడిచచ్చే అమెరికాలో మాత్రం ఆ పేరు తెలియని ఇల్లు ఉండదు. న్యూయార్క్ యాంకీస్ జట్టుకు 1951 నుంచి 1968 దాకా ఆడి 536 హోమ్ రన్లు కొట్టిన వీరుడు. ఎంతగా ఆడాడో అంతగా తాగాడు కూడా. నాలుగు దశాబ్దాలు తాగి, 1994లో తాగుడు మానిపించే బెటీ ఫోర్డ్ సెంటర్‌లో చేరి మానేశాడు. నిజంగానే మానేశాడు. మరుసటి ఏడాది కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. కాలేయం సిర్రోసిస్‌తో గట్టిపడిపోయింది. హెపటైటిస్-సి ఉంది. వాటన్నిటి మీదా కేన్సర్.

జాబితాలో పేరెక్కిన ఒకట్రెండు రోజుల్లోనే కాలేయం దొరికింది. పేరున్నవాడు కాబట్టే వరుస తప్పించారని దేశమంతా గొడవ. డాక్టర్లు కాదన్నారు. నెల తర్వాత విలేఖరుల ముందుకు వచ్చిన మాంటిల్ బక్కచిక్కిపోయి ఉన్నాడు. తనలా తయారుకావద్దని పిల్లలకు చెప్పాడు. అవయవదానం గురించి నలుగురికీ తెలియజెబుతానన్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే కేన్సర్ ఊపిరితిత్తులకు పాకినట్టు తేలింది. ఆగస్టు 13న చనిపోయాడు. ఆపరేషన్ అయి పట్టుమని పది వారాలు కాలేదు.

మరో ఆటగాడు ఫుట్‌బాలర్ జార్జ్ బెస్ట్. బెల్‌ఫాస్ట్ కుర్రాడు. 1968లో మాంచెస్టర్ యునైటెడ్ యూరోపియన్ కప్పు గెలిచిందంటే అందులో అతనిదే పెద్ద వాటా. 2002లో లండన్‌లో కాలేయం మార్చారు. మందు ముట్టుకుంటే వాంతులయ్యేలా చేసే బిళ్లల్ని పొట్టలో కుట్టించుకున్నాడు. అయినా ఏడాది తిరక్కముందే పబ్బులో కనిపించాడు. 2004లో తాగి కారు నడిపిన కేసులో లైసెన్సు పోయింది. 2005 నవంబరు 25న, 59 ఏళ్లకే వెళ్లిపోయాడు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్న శరీరంలో ఇన్ఫెక్షన్ ముదిరి, ఒక్కో అవయవం చేతులెత్తేసింది.

ఈ ఇద్దరి గురించి జనం అనే మాట ఒకటే: 'తాగుబోతుకి కాలేయం ఇస్తే అంతే మరి.' ఆ తీర్పు నాకు మింగుడుపడదు. మాంటిల్ మార్పిడి తర్వాత చుక్క ముట్టలేదు. మానేసినా పాత తాగుడు పెట్టివెళ్లిన కేన్సర్ అతన్ని వదల్లేదు. బెస్ట్‌కి కేన్సర్ లేదు, తాగుడు తిరగబెట్టింది. ఇద్దరి విషయంలోనూ కథ కాలేయం దగ్గరే ఆగలేదు. ఆగదు కూడా. మన ఇళ్లలో, మన ఆసుపత్రుల ఓపీల్లో ఇంకా సరిగా వంటబట్టనిది ఈ సంగతే.

మాంటిల్ మరణం తర్వాతి ఏడాది, 1996లో, ఇటలీలోని మిలాన్ నుంచి విన్సెంజో మజాఫెరో బృందం, కాలేయ కేన్సర్ ఉన్నవాళ్లలో ఎవరికి మార్పిడి చేయొచ్చో చెప్పే ఒక కొలత ప్రతిపాదించింది. కాలేయంలో ఒకే గడ్డ ఉంటే 5 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు దాకా ఉంటే ఒక్కోటి 3 సెంటీమీటర్లు మించకూడదు. రక్తనాళాల్లోకి పాకకూడదు. అలాంటివాళ్లకి కాలేయం మారిస్తే నాలుగేళ్ల తర్వాత కూడా నూటికి 75 మంది బతికున్నారు. ఇవాళ హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా, కాలేయ కేన్సర్ ఉన్న మనిషికి మార్పిడి చేయొచ్చా లేదా అన్న చర్చ ఆ కొలత దగ్గరే మొదలవుతుంది.

ఆరు నెలల పరీక్ష

తాగి కాలేయం పాడుచేసుకున్నవాళ్లకు కొత్తది ఇవ్వొచ్చా అన్న తగవు ఈ ఆపరేషన్ అంత పాతది. అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1963లో డెన్వర్‌లో మొదటిసారి మనిషికి కాలేయం మార్చారు. మార్పిడి చేయించుకున్న పసివాడు రక్తస్రావం ఆగక చనిపోయాడు. 1967లో గానీ తొలి విజయం రాలేదు. ఇది ప్రయోగం కాదు, చికిత్సేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఒప్పుకున్నది 1983లో. సిర్రోసిస్ తాగుడు వల్ల వచ్చినా సరే, మార్పిడి తర్వాత మిగతావాళ్లతో సమానంగానే బతుకుతున్నారని 1988లో స్టార్జల్ బృందం చూపించింది. దాంతో తలుపు తెరుచుకుంది గానీ గుమ్మంలో ఒక షరతు నిలబడింది: ముందు ఆరు నెలలు తాగకుండా ఉండి చూపించు.

ఆ షరతులో వైద్యం కొంత ఉంది. మందు మానేస్తే కొందరి కాలేయం దానంతటదే కోలుకుంటుంది, మార్పిడి అవసరమే రాదు. మిగతాది మాత్రం నీతి. 2011లో ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు ఈ షరతును పక్కనపెట్టి చూశారు. తాగుడు వల్ల కాలేయం వాచిపోయి, మందులకు లొంగక, వారాల్లో పోయే స్థితిలో ఉన్న 26 మందిని జాగ్రత్తగా ఎంచి మార్పిడి చేశారు. ఆరు నెలల తర్వాత నూటికి 77 మంది లెక్కన బతికున్నారు. మార్పిడి జరగని అలాంటి రోగుల్లో బతికింది 23 శాతమే. ఆరు నెలలు ఆగమంటే వాళ్లు ఆగేవాళ్లు కాదు, పోయేవాళ్లు.

క్యాలెండర్ కంటే గట్టిగా భవిష్యత్తు చెప్పేవి వేరే ఉన్నాయని ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ఇంట్లో పట్టించుకునే మనిషి ఉన్నారా, డిప్రెషన్ లాంటిది ఉందా, సిగరెట్టూ గుట్కా ఉన్నాయా, తన తాగుడు జబ్బేనని రోగి ఒప్పుకుంటున్నాడా.. ఇవీ చూడాల్సినవి.

మరి తిరగబెట్టేది ఎంతమందికి? ఎన్నో అధ్యయనాలను కలిపి 2008లో వేసిన ఒక లెక్క ప్రకారం, మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మందిలో ఏడాదికి 5 నుంచి 6 మంది మళ్లీ ఏదో ఒక మోతాదులో ముట్టుకుంటున్నారు. పాతరోజుల్లా విపరీతంగా తాగేది ఏడాదికి రెండు మూడు మంది. అంటే చాలామంది నిలబడుతున్నారు. ఈ మాట పెద్దక్షరాల్లో వేయాల్సింది. ఎందుకంటే 'తాగుబోతు మారడు' అన్న నమ్మకమే, జారిన మనిషి నోరు విప్పకుండా చేస్తోంది.

రిపోర్టు నార్మలే కదా

జారినవాళ్లలో ఏం జరుగుతుంది? స్పెయిన్‌లోని సాంటాందేర్ వైద్యులు తమ దగ్గర మార్పిడి చేయించుకున్న 54 మందిని ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితాలు వెల్లడించారు. మళ్లీ తాగనివాళ్లలో పదేళ్ల తర్వాత నూటికి దాదాపు 85 మంది బతికుండగా, తాగినవాళ్లలో అది 45 దగ్గర ఆగింది. చిన్న గుంపే, నిజమే. కానీ ఆసక్తికరమైన సంగతి మరోటి ఉంది. చావులకు ముఖ్యకారణం కొత్త కాలేయం చెడిపోవడం కాదు. కేన్సర్, గుండెజబ్బులు.

ఇప్పుడు మనింటి వైపు చూద్దాం. చెకప్ నుంచి తిరిగొస్తూ దారిలో మొగుడూపెళ్లాలు మాట్లాడుకునే మాటలు ఇలా ఉంటాయి.

"ఏమండీ, మొన్న పెళ్లిలో రెండు పెగ్గులేసిన సంగతి డాక్టరుగారికి చెప్పాల్సింది."

"ఎందుకే? ఎల్ఎఫ్‌టీ నార్మలే వచ్చింది కదా. నీ ముక్క బంగారంలా పనిచేస్తోంది."

ఆవిడ ఇంకేం మాట్లాడుతుంది? మన దేశంలో కాలేయ మార్పిడుల్లో ఎక్కువభాగం బతికున్న దాతల నుంచే. కాలేయం పోగొట్టుకుని వచ్చేది ఎక్కువగా మగవాళ్లు. తీసిచ్చేది చాలాసార్లు భార్య, కాకపోతే కూతురో కొడుకో. కుడివైపు భాగం, అంటే దాదాపు అరవై శాతం కాలేయం కోసిస్తారు. మిగిలింది కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది, పొట్ట మీద గాటు మాత్రం ఉండిపోతుంది. మరణానంతర దానాలకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఉస్మానియా లాంటి ప్రభుత్వాసుపత్రిలోనూ మార్పిడులు జరిగాయి. అయినా బ్రెయిన్‌డెడ్ దాత కోసం ఎదురుచూసే తీరిక లేక ఇంట్లోవాళ్లే ముందుకొస్తున్నారు. అందువల్ల మనింట్లో జారడం గురించిన మాట డాక్టరు దాకా వెళ్లదు. మొగుడి పరువు ఒకవైపు, తన త్యాగం వృథా అయిందని నలుగురూ అంటారన్న భయం ఇంకోవైపు.

ఎల్ఎఫ్‌టీ, అంటే కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష, చెప్పేది కాలేయకణాలు ఆ రోజు ఎలా ఉన్నాయన్నదే. వారానికోసారి తాగేవాడి రిపోర్టు కూడా శుభ్రంగా రావచ్చు. అందుకే చాలా మార్పిడి కేంద్రాలు వేరే పరీక్షలు చేస్తున్నాయి. మూత్రంలో ఇథైల్ గ్లూకురోనైడ్ చూస్తే గత మూడు నాలుగు రోజుల్లో తాగారో లేదో తెలుస్తుంది. రక్తంలో 'పెథ్' పరీక్ష రెండు నుంచి నాలుగు వారాల వెనక్కి చూడగలదు. అబద్ధం పట్టుకోవడానికే ఈ పరీక్షలైతే నాకూ అభ్యంతరమే. చికిత్స తొందరగా మొదలుపెట్టడానికైతే షుగరు పరీక్షకూ వీటికీ తేడా లేదు. ఎందుకోసం చేస్తున్నారో రోగికి ముందే చెప్పి, ఒప్పుకున్నాక చేయడం మర్యాద.

కాపలావాడు కునుకు తీస్తే

మద్యం కేన్సర్‌కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పొగాకునీ ఆస్‌బెస్టాస్‌నీ పెట్టిన మొదటి వరుసలోనే దీన్నీ పెట్టింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము.. ఈ కేన్సర్లన్నిటికీ మద్యంతో సంబంధం రుజువైంది. విస్కీయా, బీరా, గుండెకు మంచిదని చెప్పుకునే రెడ్ వైనా అన్న తేడా లేదు. చేటు చేసేది అన్నిట్లోనూ ఉండే ఆల్కహాలే. శరీరం దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. డీఎన్ఏని దెబ్బతీసేది అదే. ఈ పని కాలేయంలోనే జరుగుతుందని అనుకుంటాం. మన నోట్లోని బ్యాక్టీరియా కూడా ఆల్కహాల్‌ని అక్కడికక్కడే ఎసిటాల్డిహైడ్‌గా మార్చేస్తాయి. అంటే గుటక వేయకముందే నాలుక, చిగుళ్లు, బుగ్గ లోపలి పొర దాని రుచి చూస్తాయి. దీనికి పొగ తోడైతే ముప్పు కూడికగా కాదు, గుణకారంగా పెరుగుతుంది.

మామూలు మనిషిలో డీఎన్ఏ చెడిన కణాల్ని పసిగట్టి చంపేసే తెల్లరక్తకణాలు ఉంటాయి. కాలేయం మార్చుకున్న మనిషిలో వాటి చేతులు డాక్టర్లే కట్టేయాలి. లేకపోతే అవి కొత్త కాలేయాన్ని పరాయిదనుకుని దాడి చేస్తాయి. ఇందుకు వాడే ముఖ్యమైన మందు టాక్రోలిమస్. జపాన్‌లోని త్సుకుబాలో మట్టి నమూనాలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1984లో దాన్ని తీశారు. అంతకుముందు రాజ్యమేలిన సైక్లోస్పోరిన్‌ని, అజథయోప్రిన్‌ని పైన చెప్పిన సంస్థే మొదటి వరుస కేన్సర్‌కారకాల్లో చేర్చింది. అలాగని మానేయడానికి లేదు, మానేస్తే కాలేయం పోతుంది. పొలం కాపలావాణ్ని మనమే నిద్రపుచ్చి, ఆ రాత్రే కంచె కూడా తీసేయడం లాంటిది మార్పిడి తర్వాత మందు కొట్టడం.

ఈ ముప్పు వైద్యులకు కొత్తగా తెలిసింది కాదు. మార్పిడి చేయించుకున్నవాళ్లలో లింఫోమా అనే కేన్సర్ వస్తోందని స్టార్జల్ బృందంలోని ఇజ్రాయెల్ పెన్ 1969లోనే గుర్తించి, ఆపైన అలాంటి కేసుల పట్టిక రాయడమే జీవితంగా పెట్టుకున్నారు. 2011లో అమెరికాలో 1,75,732 అవయవ మార్పిడుల్ని పరిశీలిస్తే, మామూలు జనంతో పోల్చితే వీళ్లలో కేన్సర్ ముప్పు రెట్టింపుగా ఉందని తేలింది. ఇది కిడ్నీ, గుండె, కాలేయం అన్నీ కలిపిన లెక్క. కాలేయం మార్చుకున్నవాళ్లని విడిగా చూస్తే, తాగుడు వల్ల మార్పిడి అవసరమైన వాళ్లలో నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల కేన్సర్లు ఇతర కారణాలతో వచ్చినవాళ్ల కంటే బాగా ఎక్కువ.

మళ్లీ తాగినా తాగకపోయినా ఇది నిజం. పాతికేళ్ల పాత లెక్క శరీరంలో రాసే ఉంటుంది. మానేస్తే ఆ లెక్క పెరగడం ఆగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. మళ్లీ మొదలెడితే కొత్త వడ్డీ మొదలు.

తెల్లవాళ్ల దేశాల్లో మార్పిడి తర్వాత ఎక్కువగా కనిపించేది చర్మ కేన్సర్. అక్కడి కరపత్రాల నిండా ఎండలో తిరగొద్దనే ఉంటుంది. వాటిని అనువదించి మనవాళ్ల చేతిలో పెడితే ఉపయోగం తక్కువ. మన దగ్గర భయపడాల్సింది నోటికి. బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ.. ఏది తీసుకున్నా పొగాకే. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట వల్ల ఆడవాళ్లకి అంగిట్లో కేన్సర్ వస్తుందని విశాఖ వైద్యులు అరవై ఏళ్ల కిందటి నుంచే చెబుతున్నారు. పొగాకు విషయంలో మార్పిడి రోగుల్ని మనం వదిలేస్తున్నామని నా అభిప్రాయం. మందు మానిపించడం మీద ఇల్లంతా కన్నేసి ఉంచుతుంది. 'పాపం, ఆ ఒక్క అలవాటైనా ఉండనీ' అని సిగరెట్టుని మాత్రం చూసీచూడనట్టు ఊరుకుంటారు. మార్పిడి తర్వాత మందు మానినవాళ్లలో పొగ పెరగడం విదేశీ అధ్యయనాల్లోనూ కనిపించింది. ఈ రోగుల్లో గొంతు, ఊపిరితిత్తుల కేన్సర్లకు పెద్ద కారణం ఆ పొగే.

ఇక కల్లు. 'అది చెట్టు నుంచి వచ్చేది, మందు కాదు' అనే మాట తెలంగాణ పల్లెల్లో ఎవరినడిగినా వస్తుంది. తెల్లవారుజామున దించిన నీరాలో ఆల్కహాల్ దాదాపు ఉండదు, నిజమే. ఎండెక్కేకొద్దీ పులిసి బీరుతో సమానమవుతుంది. నిద్రమాత్రలు, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీకల్లు సంగతి తెలియనిది కాదు. అందులో ఏముందో చెప్పలేని ద్రవం, అందునా కాచి చల్లార్చనిది, రోగనిరోధక శక్తి అణిగి ఉన్న మనిషి కడుపులోకి వెళ్లకూడదు. కేన్సర్ దాకా ఎందుకు, ఇన్ఫెక్షనే చాలు. ఆల్కహాల్ లేని బీరని అమ్మే వాటిల్లోనూ కొద్దిగా ఉంటుంది. అంతకు మించి, ఆ రుచీ ఆ సీసా పాత దారి గుర్తుచేస్తాయి.

ఎవరికి చెప్పాలి?

మార్పిడి చేసిన బృందానికే. ఇది రెండో మాట లేని విషయం. జారిన సంగతి మొదటి వారంలో చెబితే డాక్టర్లు చేయగలిగింది చాలా ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు, కౌన్సెలింగ్ మొదలవుతుంది, తాగాలన్న యావను తగ్గించే మందులు ఉన్నాయి. బెస్ట్ పొట్టలో కుట్టించుకున్న డైసల్ఫిరామ్ రకం వీళ్లకి సాధారణంగా వాడరు. అది కాలేయాన్నే దెబ్బతీయగలదు. ఇంట్లోవాళ్లు ఎవరో చెప్పిన పొడిని అన్నంలో కలిపి పెట్టడం ఇంకా ప్రమాదం. అందులో ఏముందో తెలియదు, టాక్రోలిమస్‌తో ఎలా కలబడుతుందో అంతకన్నా తెలియదు. ఆసుపత్రి దూరమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాద్‌లో ఏళ్లుగా నడుస్తున్నాయి.

తాగిన రాత్రి ఇంకో నష్టం కూడా జరుగుతుంది. టాక్రోలిమస్ గంట ప్రకారం, పన్నెండు గంటలకోసారి వేసుకోవాల్సిన మాత్ర. తూలుతూ పడుకున్నవాడు దాన్ని మరిచిపోతాడు. ఒక పూట తప్పితే కొంప మునగదు. అదే అలవాటైతే శరీరం కాలేయాన్ని తిరస్కరించడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి డాక్టర్లు మందు మోతాదు పెంచాలి. మోతాదు పెరిగితే రోగనిరోధక శక్తి ఇంకా అణుగుతుంది, కేన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది. వేసుకోని మాత్రకీ గొంతులో గడ్డకీ మధ్య ఉన్న ఈ దారి రోగులకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

చెకప్‌కి వెళ్లినప్పుడు నోరు తెరిచి చూపించండి. డాక్టరు అడక్కపోయినా మీరే అడగండి. మూడు వారాలైనా మానని పుండు, బుగ్గలో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, తగ్గని గొంతు బొంగురు, ముద్ద దిగేటప్పుడు అడ్డుపడటం, మెడలో గడ్డ, దగ్గులో రక్తం.. ఇవేవీ 'వేడి చేసింది' అని సర్దుకునేవి కాదు. ఏళ్ల తరబడి పొగతాగినవాళ్లకి తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తుల సీటీ స్కాన్ తీస్తారు. కాలేయ కేన్సర్‌తో మార్పిడి చేయించుకున్నవాళ్లకి మొదటి రెండు మూడేళ్లు స్కాన్లూ, ఏఎఫ్‌పీ రక్తపరీక్షా తప్పవు. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ ఆ గడువులోనే బయటపడతాయి. కొందరికి డాక్టర్లు టాక్రోలిమస్ మోతాదు తగ్గించి, ఎవరోలిమస్ అనే మరో మందు జోడిస్తారు. అది ఎవరికి పనికొస్తుందన్నది కిడ్నీలు, రక్తపరీక్షలు, కేన్సర్ చరిత్ర అన్నీ చూసి తేల్చాల్సిన సంగతి. మెడికల్ షాపులో అడిగి మార్చుకునేది కాదు.

తొందరగా పట్టుకోవాలని ఇంతగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నోరు, గొంతు కేన్సర్ ముదిరితే రేడియేషన్‌తో పాటు సాధారణంగా ఇచ్చేది సిస్‌ప్లాటిన్. అది కిడ్నీల మీద భారం వేస్తుంది. ఏళ్లుగా టాక్రోలిమస్ వాడిన మనిషి కిడ్నీలు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. కీమో మొదలయ్యాక రోగనిరోధక శక్తి ఇంకా పడిపోతుంది, టాక్రోలిమస్ తగ్గించాల్సి రావచ్చు, తగ్గిస్తే కాలేయం తిరస్కరణ భయం. కొత్తగా వచ్చిన ఇమ్యునోథెరపీ మందులు అణిచిపెట్టిన తెల్లరక్తకణాల్నే తట్టిలేపుతాయి కాబట్టి మార్పిడి రోగులకు వాటితో కాలేయమే పోవచ్చు. ఇన్ని దారులు మూసుకుపోయినచోట కేన్సర్ డాక్టరూ కాలేయ డాక్టరూ పక్కపక్కన కూర్చుని ఒక్కో మోతాదూ లెక్కవేయాలి. అదే గడ్డని పుండు దశలో పట్టుకుంటే చాలామందికి చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. కీమో దాకా వెళ్లనక్కర్లేదు, టాక్రోలిమస్ మాత్ర మరుసటి పూట ఎప్పటిలా వేసుకోవచ్చు.